అందరూ దిగినారా

ఆయన పోయాడన్న కబురు వచ్చేసరికి నేను డ్యూటీలో ఉన్నాను. పొద్దున తొమ్మిదిన్నర. అంతకు పది నిమిషాల ముందే రొయ్యల గుంటల లైనుకు కరెంటు ఆపి, యార్డులో స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, స్తంభాల దగ్గర కాచుకుని ఉన్న ఇద్దరికి ఫోన్‌లో "ఇక ఎక్కండి" అని చెప్పాను. మా సబ్‌స్టేషన్‌లో దీన్ని లైన్ క్లియర్ ఇవ్వడం అంటారు. ఎక్కినవాళ్ళు దిగామని తిరిగి చెప్పేదాకా, ఇచ్చినవాడు కుర్చీ వదలకూడదు.

"నిద్దర్లోనే పోయినాడంట. మూడు గంటలకి ఎత్తేస్తారు. నువ్వు బయల్దేరు" అన్నాడు ఫోన్ చేసిన జూనియర్ లైన్‌మన్. అతను ఆయన కింద పదేళ్ళు పని చేసినవాడు.

"రిలీవర్ రాంగానే వస్తా" అన్నాను.

నా తర్వాత కుర్చీలో కూర్చోవాల్సిన ఆ రిలీవర్ రెండింటికి రావాలి. వాళ్ళ పాపకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఇరుక్కుపోయి అయిదింటికి వచ్చాడు. అప్పటికి అంతా అయిపోయింది.

నిజం చెప్పాలంటే, కబురు వినగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కిన లైన్‌మన్ తన మంచం మీద, నిద్రలో వెళ్ళిపోయాడు. కరెంటు ఆయన్ని ముట్టలేదు. ఆయన ఇక లేడన్న సంగతి నాలోకి దిగడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

నేను ఈ ఉద్యోగంలో చేరిన మొదటి నెలంతా ఆయన నాకు ఒక గొంతు మాత్రమే. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రెండు లైన్లు మా సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరతాయి. ఒకటి పల్లెలకు, ఇంకొకటి గుంటలకు. ఆ రెండూ ఆయన చూసే లైన్లు. ఫోన్ చేస్తే "అబ్బయ్యా, నేను" అని ఎప్పుడూ అనేవాడు కాదు. ఇంటిపేరుతో సహా తన పేరు, ఉద్యోగం, నిలబడి ఉన్న చోటు, ఎక్కబోయే స్తంభం నెంబరు, అన్నీ వరసగా చెప్పేవాడు. రోజులో అది పదో ఫోన్ అయినా సరే. తర్వాత నన్ను కూడా అవన్నీ తిరిగి చెప్పమనేవాడు. ఒక్క మాట తప్పితే "మళ్ళీ" అనేవాడు. మిగతా లైన్‌మన్లు పది సెకన్లలో తేల్చే మాటకు ఆయనకు రెండు నిమిషాలు కావాలి.

"నా గొంతు తప్ప ఇంకెవురి గొంతు విన్నా కరెంటు ఇయ్యబాక. నా ఫోన్లోంచి నా పెండ్లాం మాట్లాడినా ఇయ్యబాక" అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. అప్పటికి నా మీద ఎవరికీ నమ్మకం లేదు. చెడ్డవాణ్ణని కాదు. ఏ పనీ గుర్తుండేది కాదు. స్టవ్ మీద పాలు చూడమంటే పొంగేదాకా అక్కడే నిలబడి, అవి పొంగుతున్నప్పుడు కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. మా అమ్మ నాకు ఒక పని చెప్తే, నేను అటు వెళ్ళగానే అదే పని మా చెల్లెలికి కూడా చెప్పేది. నాకు అది తెలుసు. తెలిసీ సిగ్గుపడేవాణ్ణి కాదు. ఎలాగూ చెల్లెలు చూసుకుంటుంది కదా అనుకునేవాణ్ణి. అలాంటివాడికి ఐటీఐ సర్టిఫికెట్ చూసి కరెంటు ఆపే కుర్చీ ఇచ్చారు.

ఆయన్ని మొదటిసారి కళ్ళారా చూసింది టీ కొట్టు దగ్గర. బక్కగా, నల్లగా, ముంజేతుల మీద తెల్లటి గీతలతో ఉన్నాడు. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా అది వణుకుతోంది. కొట్టు ఆమె ఆయనకు సగం గ్లాసే పోసేది, నిండా పోస్తే తొణుకుతుందని.

"తాగుడు అలవాటుందా?" అని పక్కనున్నవాణ్ణి అడిగాను.

"తాగుడా? ఆయనకి భయం. ఎక్కే రోజంతా అట్టనే ఉంటాడు" అన్నాడు.

ఊళ్ళో అందరూ ఆయన్ని పిరికి లైన్‌మన్ అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. స్తంభం ఎక్కేముందు ఉంగరం, వాచీ తీసి ఎవరో ఒకరి చేతిలో పెట్టేవాడు. చెప్పులు విప్పి స్తంభం మొదట్లో, రోడ్డు మీదికి వచ్చేలా పెట్టేవాడు. ఆటోలూ బళ్ళూ వాటిని తప్పించుకుని పోవాల్సిందే. తిట్టుకుంటూ తప్పించుకునేవాళ్ళు తలెత్తి పైకి చూసేవాళ్ళు. ఆయనకు కావలసింది అదే. పైన మనిషి ఉన్నాడని ఎంతమందికి తెలిస్తే అంత మంచిది. అది చాలక, లైను పక్కనున్న ప్రతి గుంట దగ్గరికీ వెళ్ళి షెడ్డు తలుపు తట్టేవాడు. ఇక్కడ కరెంటు ఆపినా, ఎవరి జనరేటరో సరిగా బిగించకపోతే దాని కరెంటు వెనక్కి తన్ని లైనులోకి వస్తుంది. "మా జనరేటర్‌తో నీకేం పనయ్యా" అని విసుక్కునేవాళ్ళు. "చూసి పోతా సామీ, ఒక్క నిమిషం" అని బతిమాలేవాడు. ఇన్ని చేసి, లైను చచ్చిందని నేను చెప్పాక కూడా, కింద నిలబడి, కరెంటు ఉంటే నేలలోకి దిగిపోయేలా, పొడవాటి కర్రకు కట్టిన ఎర్త్ రాడ్డును తీగె మీద వేసి చూసిగాని పైకెక్కేవాడు కాదు.

కొత్తగా చేరిన వాళ్ళను ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడని తర్వాత తెలిసింది. ఇందాక కబురు చెప్పాడన్నానే, ఆ జూనియర్‌ను కూడా మొదటి రోజు అడిగాడట.

"భయంగా ఉందా?"

"లేదన్నా."

"అయితే టీ తాగిరా పో."

రోజంతా అతన్ని ఎక్కనివ్వలేదు. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ కుర్రాడు రోషంతో "లేదన్నా" అనే చెప్పాడు. ఆ రోజూ టీనే. నాలుగో రోజు స్తంభం మొదట్లో నిలబడి, పైకి చూసి, చిన్న గొంతుతో "కొంచెం ఉందన్నా" అన్నాడు.

"అయితే బెల్టు కట్టుకో" అన్నాడు ఆయన.

ఇంత భయం వెనక ఏదో ప్రమాదం ఉండి ఉంటుందనుకున్నాను. తోటివాడెవడో కళ్ళ ముందే కాలిపోయి ఉంటాడని. చాలామందిని అడిగాను. అలాంటిదేమీ ఎవరికీ తెలియదు. ఒకసారి ఆయన్నే అడిగేశాను.

"ఏం జరగలా" అన్నాడు. "జరిగినాక భయపడేది దేనికి? ముందరే పడితే రవంత లాభం."

మూడో నెలలో నా వల్ల జరిగింది.

పదకొండు గంటలకు ఆయన గుంటల లైను మీద క్లియర్ అడిగాడు. నేను అన్నీ తిరిగి చెప్పాను. లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. రెండు లైన్లనూ ఆపే రెండు బ్రేకర్లూ పక్కపక్కనే ఉంటాయి. చెవి దగ్గర ఇంకో ఫోన్. ఎవరో స్నేహితుడు, ఏదో పెళ్ళికి ఎప్పుడు బయల్దేరాలన్న మాట. అది మాట్లాడుతూనే బ్రేకర్ ఆపాను, యార్డులోకి వెళ్ళి స్విచ్ తెరిచి తాళం వేశాను, వచ్చి ఆయనకు లైన్ క్లియర్ నెంబరు చెప్పాను. "ఎక్కొచ్చన్నా" అన్నాను.

నాలుగైదు నిమిషాలు గడిచాయి. గదిలో ధడ్ మని చప్పుడైంది. తలతిప్పి చూశాను. గుంటల లైను బ్రేకర్ దానంతట అదే ట్రిప్ అయి పడిపోయింది.

దాని అర్థం తెలియడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. పడిపోవాలంటే అంతవరకు అది నడుస్తూ ఉండాలి. నేను ఆపింది పల్లెల లైను.

ఆ చప్పుడుకు కారణం రెండింటిలో ఒకటి. తీగె మీద రాడ్డు పడి ఉండాలి, లేకపోతే మనిషి పడి ఉండాలి.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. కుర్చీలో కూర్చోలేక ప్యానెల్‌కు ఆనుకుని నిలబడ్డాను. ఆ మనిషికి పిల్లలున్నారా, ఎంతమంది అన్న ఆలోచన అప్పుడు మొదటిసారి వచ్చింది. మూడు నెలలు రోజూ మాట్లాడిన మనిషి గురించి అది కూడా నాకు తెలియదు. పది నిమిషాలు అలా ఉన్నాను. నా జీవితంలో అంత పొడవైన పది నిమిషాలు మళ్ళీ ఒక్కసారే చూశాను.

ఫోన్ మోగింది. అదే గొంతు. అదే వరస. ఇంటిపేరు, పేరు, ఉద్యోగం, చోటు, స్తంభం నెంబరు. ఆ తర్వాత అన్నాడు:

"లైన్ క్లియర్ మళ్ళీ ఇయ్యి అబ్బయ్యా. ఈసారి నిదానంగా."

ఆ మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు ఆయన సబ్‌స్టేషన్‌కు వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేదనుకున్నాను. బల్ల మీద కూర్చుని నీళ్ళు అడిగాడు. చెంబు ఇచ్చాను. నీళ్ళు సగం చొక్కా మీదే పడ్డాయి.

"నేను నిన్ను నమ్మలా" అన్నాడు. "అందుకే ఈడ కూర్చోని నీళ్ళు తాగుతుండా."

నేను ఏడ్చాను. ఆఫీసులో చెప్పమన్నాను. ఉద్యోగం మానేస్తానన్నాను.

"మానేస్తే ఆ కుర్చీలోకి ఇంకొకడు వస్తాడు. వాడికి ఈరోజు సంగతి తెల్దు. నీకు తెలిసింది. నువ్వే ఉండు" అన్నాడు. "నిన్ను నమ్మి రాడ్డు వెయ్యకుండా ఎక్కుతానని చెప్పడంలా. ఎప్పటికీ ఎక్కను. అయినా నువ్వు మాత్రం, నేను నమ్మి ఎక్కేస్తానని అనుకోనే పని చెయ్యాల."

ఆ వారం నా సెలవు రోజున నన్ను తన బండి మీద ఎక్కించుకుని లైను వెంబడి తీసుకెళ్ళాడు. సబ్‌స్టేషన్ గేటు దగ్గర మొదలుపెట్టి, ప్రతి స్తంభం దగ్గరా ఆపి, దాని కింద ఎవరుంటారో, ఏ తీగె వదులో చెప్పాడు. సముద్రానికి అర మైలు ఇవతల, సరుగుడు తోపు దగ్గర బండి ఆపి బెల్టు నా చేతికిచ్చాడు.

"ఎక్కు."

"నేనా?"

"నీ కుర్చీలో ఈరోజు ఇంకొకడుండాడు గదా. క్లియర్ తీసుకున్నా. రాడ్డు వేసినా. ఎక్కు."

ట్రైనింగులో ఎక్కడం నేర్చుకున్నవాణ్ణే. అది తీగెల్లేని స్తంభం. ఇది వేరు. పైకి చేరాక తీగె నా ఛాతీకి జానెడు దూరంలో ఉంది. అది చచ్చిన తీగె అని నాకు తెలుసు. నా ఒళ్ళు ఒప్పుకోలేదు. గాలి కొడుతోంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ముత్తుకూరు వైపు పొగ గొట్టాలు, కింద అద్దాల్లా గుంటలు. దూరంగా, అగ్గిపెట్టెంత, మా సబ్‌స్టేషన్.

ఆయన కింద నుంచి అడిగాడు. "ఆ కుర్చీలో ఉన్నోడు ఇప్పుడేం చేస్తుండాడు?"

"తెలీదన్నా."

"టీకి పోయినాడా? ఫోన్ మాట్లాడతా ఉండాడా?"

నా రెండు చేతులూ స్తంభాన్ని కరుచుకుని ఉన్నాయి. ముఖం కూడా కనపడని ఎవరో ఒక మనిషి, మూడు మైళ్ళ అవతల, చెయ్యి చాపితే నేను పోతాను. అతను మంచివాడే. నాకు తెలుసు. నేను కూడా మంచివాణ్ణే.

"దిగు" అన్నాడు కాసేపటికి. దిగాక ఒకసారి నా ముఖం చూశాడు. దోవలో బండి ఆపి సోడా ఇప్పించాడు.

ఆ తర్వాత మూడేళ్ళకు, కార్తీకంలో తుఫాను వచ్చింది. రెండు రాత్రులు, ఒక పగలు గాలి. స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. సెల్ టవర్లు చచ్చిపోయాయి. రెండో రోజు పొద్దునకు మా సబ్‌స్టేషన్‌కు కరెంటు వచ్చింది, పల్లెల లైను లేచింది. గుంటల లైను మిగిలింది. ఆయనకు ముందు రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. కళ్ళు ఎర్రగా, గడ్డం మాసి, పది గంటలకు నా ఎదుటికి వచ్చి నిలబడి క్లియర్ తీసుకున్నాడు. రిజిస్టర్‌లో రాశాను. నెంబరు పదకొండు. ఎక్కేవాళ్ళు ముగ్గురు.

"ఫోన్లు పనిచెయ్యవు. నేనే వస్తా. నేను వచ్చి నీ ముందర నిలబడి నెంబరు చెప్పిందాకా తాళం తియ్యబాక" అన్నాడు.

"ఎంతసేపు పడుతుందన్నా?"

"తెల్దు."

పన్నెండు దాటాక రైతులు రావడం మొదలైంది. ముందు నలుగురు, తర్వాత పది మంది, ఒంటిగంటకు గది నిండిపోయింది. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలకు కరెంటు ఆగిపోయి ఒక రోజు దాటింది. జనరేటర్లలో డీజిల్ అయిపోయింది. రోడ్డు మునిగి కొత్త డీజిల్ రావడం లేదు. మబ్బు పట్టిన రోజు గాలి అందక రొయ్య పైకి తేలుతుంది. తేలిందంటే ఇక గంటల్లో లెక్క.

వాళ్ళలో ఒక పెద్దాయన నాకు బాగా తెలిసిన రైతు. ఎప్పుడొచ్చినా మా అమ్మ ఎట్లా ఉందని అడిగేవాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు.

"నాయనా, తేలతా ఉండాయి. గట్టుకొచ్చి నోళ్ళు తెరస్తా ఉండాయి. రవంత కరెంటు ఇయ్యి" అన్నాడు.

"మనుషులు పైన ఉన్నారు పెద్దాయనా. లైన్‌మన్ వచ్చి చెప్పాల."

అప్పుడు వెనక నుంచి ఒకతను తోసుకుంటూ వచ్చాడు. "నేను ఆడనించే వస్తుండా. పని అయిపోయింది. లైన్‌మన్ దిగినాడు. రాడ్డు కూడా తీసేసినాడు. నా కండ్లతో చూసినా. ఆయన బండి నీళ్ళలో ఆగిపోయింది, నడిచి వచ్చేసరికి గంట పడతాది. ఇంకేంది?"

అతని మాటలో అబద్ధం లేదు. ముఖం చూస్తే తెలుస్తుంది. గదిలో అందరూ ఒక్కసారి నా వైపు చూశారు.

నాకు ఇప్పటికీ ఆ చూపు గుర్తే. ఇరవై ముప్పై మంది, అందరూ తెలిసినవాళ్ళే, అందరి బతుకూ నా జేబులో ఉన్న తాళంచెవిలో ఉంది. చూసినవాడు చూశానంటున్నాడు. ఇవ్వకపోతే గుంటలు పోతాయి. ఇస్తే ఏమీ కాకపోవచ్చు. బహుశా ఏమీ కాదు. ఆ "బహుశా" దగ్గరే నేను ఆగిపోయాను. సరుగుడు తోపు దగ్గర స్తంభాన్ని కరుచుకున్న నా చేతులే నాకు కనిపించాయి.

"ఆయన రావాల" అన్నాను.

ఎవరో నా కాలర్ పట్టుకున్నారు. గుండీ తెగి ఎటో పోయింది. "జీతం తీసుకునేది ఎందుకురా" అన్నారొకరు. "ఆ పిరికోడి మాట పట్టుకోని మమ్మల్ని ముంచుతావా" అన్నారింకొకరు. తాళంచెవిని గుప్పిట్లో బిగించి, ఆ చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎంత బిగించానంటే దాని పళ్ళు అరచేతిలో దిగాయి. పెద్దాయన అరవలేదు. గుమ్మంలో కూలబడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అరిచిన వాళ్ళకంటే ఆయన వైపు చూడడమే నాకు కష్టమైంది.

రెండు కావస్తుండగా లైన్‌మన్ వచ్చాడు. గేటు దగ్గర కనబడగానే జనం పక్కకు తప్పుకున్నారు. ఒళ్ళంతా తడిసి, ఉత్త కాళ్ళతో, ఊగుతూ నడుస్తున్నాడు. నా ముందు నిలబడి తన పేరు, ఉద్యోగం చెప్పాడు.

"లైన్ క్లియర్ నెంబరు పదకొండు. పని అయింది. కరెంటు ఇయ్యొచ్చు."

రిజిస్టర్ తెరిచాను. పొద్దున నా చేత్తో రాసిన వరస. నెంబరు పదకొండు, మనుషులు ముగ్గురు. ఎదురుగా ఉన్నది ఒక్కడు.

అడగాలనిపించింది. ఆయన్నా అడిగేది, అని కూడా అనిపించింది. వెనక ముప్పై మంది ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"అందరూ దిగినారా అన్నా?"

"దిగినారు."

"చూసినారా?"

ఆ ముఖంలో రంగు పోవడం నేను దగ్గర నుంచి చూశాను.

"ఒకడు నా ఎనకనే దిగినాడు" అన్నాడు మెల్లగా. "ఇంకొకడు తోపు అవతల స్తంభం కాడ ఉండాడు. దిగమని అరిచినా. 'ఆ' అని వినబడింది. అది ఎవురి గొంతో..."

గదిలో గోల మొదలైంది. మళ్ళీ ఏందన్నారు. ఎన్నిసార్లన్నారు. అప్పుడు గుమ్మంలోంచి పెద్దాయన లేచాడు.

"నా బండి ఎక్కు. గట్ల మీద పోదాం. పా" అన్నాడు.

ఇద్దరూ వెళ్ళారు. నాకు రెండోసారి ఆ పొడవైన నిమిషాలు మొదలయ్యాయి. ఈసారి ఇరవై అయిదు. ఎవరూ నన్ను ముట్టుకోలేదు. బయట గాలి తప్ప చప్పుడు లేదు.

బండి మీద ముగ్గురు వచ్చారు. పెద్దాయన, లైన్‌మన్, మధ్యలో ఆ జూనియర్ కుర్రాడు. వెనకే ఇంకొకరి బండి మీద రెండోవాడు. పెద్దాయన బండి దిగి మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరి వైపూ చూడకుండా అన్నాడు:

"పోయేసరికి పైనే ఉండాడు. రెండు చేతుల్తో తీగె పట్టుకోనుండాడు."

ఆ కుర్రాడికి చివరి స్తంభం మీద ఒక కట్టు వదులుగా కనిపించిందట. ఎవరూ చెప్పకుండానే, ఎలాగూ లైను ఆపి ఉంది కదా అని ఎక్కాడు. "ఆ" అన్నది రెండోవాడు. గాలిలో ఇద్దరి గొంతూ ఒకటే అయిపోయింది.

లైన్‌మన్ మళ్ళీ పేరు చెప్పాడు, నెంబరు చెప్పాడు. ఈసారి ఎక్కినవాళ్ళు ముగ్గురూ నా ఎదురుగా నిలబడ్డారు. వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, యార్డులోకి వెళ్ళి తాళం తీశాను. లైను లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ గుంటల వైపు పరుగెత్తారు.

సగానికి పైగా గుంటలు దక్కాయి. పెద్దాయనవి రెండూ పోయాయి. వారం రోజులు ఆ దారంతా కుళ్ళు వాసన. ఆ ఇరవై అయిదు నిమిషాలే ముంచాయో, అంతకు ముందే పోయాయో ఎవరూ చెప్పలేరు. నేను చాలాసార్లు లెక్కవేసుకున్నాను. తేలలేదు. కొందరు నాతో మాట్లాడడం మానేశారు. పెద్దాయన మాత్రం నెల తర్వాత వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. "ఆ రోజు నేను అడిగిన కాడికి నువ్వు ఇచ్చింటే, ఆ పిల్లోణ్ణి చంపినోణ్ణి నేనై ఉందును" అని, అమ్మ ఎట్లా ఉందని అడిగి, వెళ్ళిపోయాడు.

మా లైన్‌మన్ చేసిన పని ఇంకొకటి ఉంది. ఆ నెల మీటింగులో, చుట్టుపక్కల లైన్‌మన్లందరూ కూర్చుని ఉండగా, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడ్డాడు.

"నేను ఒక మనిషిని స్తంభం మీద మర్చిపోయి కరెంటు ఇమ్మన్నా. ఆపరేటర్ అడిగితే గుర్తొచ్చింది. అలిసిపోయినా అని చెప్పను. అలిసిపోయినోడు లెక్క ఇంకొకరికి అప్పజెప్పాల. నేను అప్పజెప్పలా." అంతే చెప్పి కూర్చున్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ముప్పై ఏళ్ళు భయపడి భయపడి చివరికి ఇదా అని. ఆయన ఆ నవ్వును కూడా కూర్చుని విన్నాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, తను లెక్కపెట్టాక జూనియర్ చేత కూడా ఒకసారి లెక్కపెట్టించేవాడు.

మీటింగు అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"నన్ను అడగడానికి మొగమాటపడినావా?" అన్నాడు.

"పడినానన్నా."

"ఎంతసేపు?"

"రవంతసేపు."

"ఆ రవంత కూడా వద్దు" అన్నాడు. అంతే.

ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున, చుట్టాలు వెళ్ళిపోయాక, ఆ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య వసారాలో చాప వేసింది.

"ఆ రోజు రాలేకపోయానక్కా. లైన్ క్లియర్ ఇచ్చి ఉన్నా."

"చెప్పినారు. పైన మనుషులుండారని" అంది. అందులో తప్పుపట్టే స్వరం లేదు.

కాసేపు ఏవేవో మాట్లాడుకున్నాం. పెన్షన్ కాగితాలు, అల్లుడి ఊరు. ఉన్నట్టుండి ఆమె అంది:

"రోజూ పొద్దున వాంతి చేసుకునేవాడు. డ్యూటీకి పోయేముందర పెరట్లోకి పోయి. నేను మొదట్లో కడుపులో ఏదో జబ్బు అనుకున్నా. ఎందరు డాక్టర్లకి చూపించినానో. భయంతోనే అని నాకు చెప్పడానికి పదేండ్లు పట్టింది ఆ మనిషికి. రిటైరైన మర్నాడు ఆగిపోయింది."

నేను చేతుల వైపు చూసుకున్నాను. ఇది రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు నలుగురికీ తెలుస్తుంది. అప్పటికి ఎవరికీ తెలియదు, మా ఇంట్లో కూడా.

"నాకు కూడా అక్కా" అన్నాను. "షిఫ్టుకు ముందు. రోజూ."

ఆమె నా వైపు చూసింది. జాలిపడలేదు. ఆశ్చర్యపోలేదు.

"ఎన్నాళ్ళుగా?"

"ఆ తప్పు జరిగినప్పట్నించి."

"ఇంట్లో చెప్పినావా?"

తల అడ్డంగా ఊపాను.

"ఈరోజు డ్యూటీ ఎన్నింటికి?"

"రెండింటికి."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. చిన్న పళ్ళెంలో మజ్జిగన్నం, నంజుకోను ఉప్పు వేసిన మామిడి ముక్క తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇప్పుడు ఇంతే తిను. పోయే ముందర ఇంకొంచెం పెడతా. కడుపు నిండా ఒక్కసారే తినబాక, నిలవదు. మీ ఆవిడ నెంబరు ఇయ్యి, నేను చెప్తా ఎట్ట పెట్టాల్నో."

నెంబరు చెప్పాను. ఆమె గోడకు తగిలించిన క్యాలెండర్ మీద రాసుకుని, సరిగా రాసిందో లేదో నాకు తిరిగి చదివి వినిపించింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని, నేను తినడం పూర్తయ్యేదాకా లేవలేదు.